పాత కట్టడానికి కొత్త పని
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం పాత ఇంటిని పడగొట్టి దుకాణాలు కట్టాలా, బాగుచేసి వాడుకోవాలా అన్నది ఈనాటి చర్చ. అద్దెలు వస్తే పిల్లల ఉపకార వేతనాలు పెంచవచ్చునన్న మాటను మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. ఫీజు కట్టలేక చదువు మానేసే పిల్లవాడు గోడ కంటే ముఖ్యమే. కాని ఈ రెండింటికీ పోటీ పెట్టడం అవసరమా అన్నదే మా ప్రశ్న.

మన హైదరాబాదునే చూడండి. కోఠీలోని రెసిడెన్సీ భవనం 19వ శతాబ్ది తొలి సంవత్సరాల్లో కట్టినది. కంపెనీవారి ప్రతినిధి నివాసం అది. 1949లో అందులోకి మహిళా కళాశాల వచ్చింది. నేడు ఆ ప్రాంగణం మహిళా విశ్వవిద్యాలయం. దర్బారులకు కట్టిన ఇల్లు ఆడపిల్లల చదువుకు పనికిరాలేదా?

మొజంజాహీ మార్కెట్ 1935 నాటి రాతి కట్టడం. ఆలనాపాలనా లేక పాడుపడితే, బాగుచేసి 2020లో మళ్ళీ తెరిచారు. దుకాణాలూ పోలేదు, కట్టడమూ పోలేదు. అద్దె కావాలంటే పడగొట్టక తప్పదన్న వాదానికి ఇదే జవాబు.

ఇర్రమ్ మంజిల్ స్థలంలో కొత్త శాసనసభ కట్టాలన్న ప్రభుత్వ నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టివేసింది. కోర్టు గునపాన్ని ఆపగలదు గాని, కప్పు మీద మొలిచిన రావిమొక్కను పీకలేదు కదా! అది ఇల్లు వాడుకునేవాళ్ళ పని. తాళం పెట్టిన ఇల్లే తొందరగా కూలుతుంది.

మా తప్పు కూడా ఒప్పుకోవాలి. గోడ చెమ్మ ఎక్కిందని రెండేళ్ళ కిందట మేమే సిమెంటు పూయించాము. ఒక్క వానాకాలానికే పెచ్చులూడిపోయింది. ఆ గోడ గానుగ సున్నంతో కట్టినది. లోపలి చెమ్మ సున్నంలోంచి మెల్లగా ఆరిపోతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. చెమ్మ లోపలే నిలిచి ఇటుకను తినేస్తుంది. సున్నపు గోడకు సున్నమే మందు అని డబ్బు పోగొట్టుకున్నాక తెలుసుకున్నాము.

కనుక మా మనవి ఇది. వానలకు ముందే కప్పు మీది మొక్కలు తీయించి, నీళ్ళు పోయే దారి బాగుచేద్దాం. సున్నం పని తెలిసిన ఇంజనీరుకు ఇల్లు చూపిద్దాం. ఆయన సరే అంటే వీధివైపు గదులు అద్దెకిద్దాం. ఆ డబ్బు ఉపకార వేతనాలకే పోవాలి. వెనక హాలులో పిల్లలకు చదువుకునే గది, సాయంత్రం ఆడపిల్లలకు కుట్టుపని తరగతి పెడదాం. గదిని బట్టి పని ఎంచుకుందాం గాని, పని కోసం గోడలు పగలగొట్టవద్దు.

ఒక్క సంవత్సరం గడువు ఇవ్వండి. వచ్చే సభలో ఖర్చు, రాబడి లెక్కలు మీ ముందు పెడతాము. అప్పటికీ పడగొట్టడమే మేలని తేలితే మేము అడ్డు చెప్పము. పడగొట్టడం ఎప్పుడైనా చేయవచ్చు. పడగొట్టినదాన్ని మాత్రం మళ్ళీ తెచ్చుకోలేము.

సెలవు.