తుంగ ఎక్కడుందో రాసుకోండి

అక్కలూ, అన్నలూ, తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈ రోజు తుంగ గురించి మాట్లాడతా. గడ్డి గురించి మీటింగేంది అని నవ్వకండి. డిగ్రీ చదివిన నేను కూడా మొన్నటిదాకా దాన్ని గడ్డే అన్నాను.

మా ఊరి సామూహిక హక్కుల కోసం ఫారం-బి నింపుతూ, చేపలు, నీటి వనరులు అన్నచోట గీత పెట్టేశాను. అటవీ హక్కులంటే ఇప్పపువ్వు, తునికాకే అనుకున్నా. పక్కనే ఉన్న మా అవ్వ అడిగింది: "కుంట రాయలేదేందిరా? మనం పండుకునే చాప యాడిది?"

నా దగ్గర జవాబు లేదు. మర్నాడు ఆమే కుంటకు తీసుకుపోయి చూపించింది.

కాడ కోసి వేళ్ల మధ్య తిప్పండి. గడ్డి కాడ గుండ్రంగా ఉంటుంది, కణుపులుంటాయి. తుంగ కాడ మూడు పలకలుగా తగులుతుంది, కణుపులుండవు, లోపల మెత్తటి బెండు. కొన్ని రకాల తుంగకు కాడ గుండ్రంగానే ఉంటుంది, అప్పుడు కణుపులు చూడండి. పైన పూత గొడుగులా విచ్చుకుంటుంది. గోధుమరంగు కండె ఉంటే అది జమ్ము, తుంగ కాదు.

ఎక్కడ పెరుగుతుంది? కుంట అంచున, వాగు నెమ్మదించే చోట, ఊట నేలల్లో. చేలో కలుపుగా వచ్చే పొట్టి తుంగ వేరు. వాసన గడ్డలు, తుంగముస్తలు, దానివే. అది మెట్టలో కూడా వస్తుంది. దాన్ని చూసి తడి నేల అని రాయకండి.

ఇదంతా ఎందుకంటే, ఎండాకాలంలో మన కుంట ఎండిపోతుంది. బయటివాళ్లకు అది ఖాళీ జాగా. కానీ ఎండిన తుంగ మొదళ్లు అక్కడే ఉంటాయి, వాన పడితే మళ్లీ లేస్తాయి. ఇక్కడ నీళ్లు నిలుస్తాయని అవే చెప్తాయి.

2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయం మీద, నీటి వనరుల ఉత్పత్తుల మీద మనకు హక్కు ఇచ్చింది. ఒకటికి మించి ఆధారాలు కావాలి. రాసిపెట్టిన పెద్దల వాంగ్మూలం కూడా అందులో ఒక ఆధారమే.

కాబట్టి ఈ వారం మీ అవ్వతో కుంటకు పోండి. మీ భాషలో తుంగ పేరేంటో, ఏ నెలలో కోస్తారో, దేనికి వాడతారో అడగండి. కుంట పేరుతో సహా రాసి గ్రామసభలో పెట్టండి.

నేను గీత పెట్టిన చోట ఇప్పుడు మా కుంట పేరుంది. మీ ఫారంలో ఆ గడి ఖాళీగా వదలొద్దు.

జల్, జంగల్, జమీన్! అందులో జల్ ముందుంది, మర్చిపోకండి.