మొదటి కలము

గత సంవత్సరము మేము ఉంగుటూరులో ఒక మిత్రుని యింటికి పోయి యుంటిమి. తొమ్మిదవ తరగతి చదువుచున్న వారి కుమారుడు బీరువాలోనుండి ఒక పెట్టెను తెచ్చి మా ముందు పెట్టెను. అందులో బంగారు పూత మూత గల ఫౌంటెన్ పెన్ను ఉన్నది. పుట్టినరోజునకు మేనమామ కొని యిచ్చినదట. “నా చేతికి ఇంకు పెన్ను రాదండి. నా దస్తూరీ బాగుండదు” అని ఆ బాలుడు తల వంచుకొనెను.

మూత తీసి చూచితిమి. నెలల తరబడి వాడకుండుటచే పాళీలో సిరా ఎండిపోయినది. చన్నీటితో కడిగి, సిరా పోయగా కలము చక్కగానే వ్రాసినది. కాని పాళీ లావుది. ‘శ్రీకృష్ణ’ అని వ్రాయగా వట్రసుడియు, ఒత్తులును సిరాతో నిండి మచ్చలైనవి. లోపము పిల్లవాని చేతిలో లేదు, కలము ఎన్నికలో నున్నది. ధర చూచి కొనిరి గాని, వ్రాయు చేతిని చూచి కొనలేదు. ఒక బాలుడు తన చేతిని తానే తక్కువగా తలచుకొనుట చిన్న నష్టము కాదు. అందుచే మొదటి కలమును ఎన్నుకొనుటను గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి.

ముందుగా చూడవలసినది పాళీ. మన తెలుగు అక్షరములు గుండ్రనివి. పైన తలకట్టు, గుడి, క్రింద ఒత్తు. ఇవి యన్నియు నోటుపుస్తకపు రెండు గీతల నడుమ ఇముడవలెను. అందుచే సన్నని పాళీ మేలు. దుకాణములో ‘ఫైన్’ అని అడుగవలెను. పాళీని వెలుతురునకు ఎత్తి చూచినచో చీలికకు ఇరువైపుల నున్న రెండు రెక్కలును ఒకే ఎత్తున కనబడవలెను. తరువాత పిల్లవాడు ఇంటినుండి తెచ్చుకొన్న నోటుపుస్తకములోనే ఒత్తులున్న మాటలు నాలుగు వ్రాసి చూడవలెను. దుకాణపు నున్నని కాగితము మనలను మోసగింపవచ్చును.

బాల్‌పెన్నులో చిక్కని సిరా ఉండును. గుండు దొర్లుటకు కొంత ఒత్తిడి కావలెను. ఫౌంటెన్ పెన్నులో నీటివంటి సిరా తనంత తానే దిగివచ్చును. పాళీ క్రింద నాలుకవలె ఉండు నల్లని భాగములోని సన్నని గాడిలో సిరా క్రిందికి దిగుచుండగా, దాని స్థానమును నింపుటకు గాలి పైకి పోవుచుండును. కావున నొక్కి వ్రాయరాదు. నొక్కినచో పాళీ రెక్కలు విడిపోవును.

గొట్టములో ఫిల్లరుతో నేరుగా సిరా పోసుకొను కలములు చవుక, కడుగుట సులువు. వానికి ఒక దోషము కలదు. సిరా తగ్గినపుడు లోపలి గాలి చేతి వేడికి వ్యాకోచించి సిరాను బొట్లుగా నెట్టును. మన మే నెల యెండలలో ఇది మరింత హెచ్చు. పావువంతు మిగిలి యుండగనే మరల నింపుటయే దానికి మందు.

ఉంగుటూరునుండి తూర్పునకు రైలులో పోయి, గోదావరి దాటినచో రాజమహేంద్రవరము వచ్చును. అచ్చటి కె. వి. రత్నం గారు 1921లో గాంధీజీని కలిసికొనగా, సామాన్యునకు పనికివచ్చు వస్తువును స్వదేశమున చేయుమని ఆయన చెప్పినట్లు ఆ కుటుంబమువారు చెప్పుచుందురు. రత్నం గారు చేసిన కలము కుమారప్ప గారి ద్వారా గాంధీజీకి చేరినది. దానిని వాడి చూచి, బజారులోని విదేశీ కలములకు బదులుగా వాడదగినదేయని 1935 జూలైలో ఆయన జాబు వ్రాసిరి. రబ్బరును గంధకముతో కలిపి కాచిన ఎబొనైటు కడ్డీని లేతుపై తిప్పి చేయు ఈ కలములకు నేడు వెల యెక్కువ. మొదటి కలముగా అవియే కావలెనని మేమనము. కాని గాంధీజీ చేసిన పరీక్ష మనకును చాలును: వాడి చూచుట.

వంద, రెండు వందల రూపాయలలో మంచి విద్యార్థి కలము దొరకును. పాళీయు, నాలుకయు ఊడదీసి కడుగుటకు వీలున్నదా యని అడుగుడు. చిత్రలేఖనమునకు వాడు ఇండియన్ ఇంకును అందులో పోయరాదు. అందలి మసి గాడిలో పేరుకొని దారిని మూసివేయును. నెలకొకమారు చన్నీటితో కడుగుడు. వేడినీరు వలదు. వ్రాయని వేళ మూత బిగించి, పాళీ పైకి ఉండునట్లు నిలుపుడు.

మా మిత్రుడు మరునాడే కుమారుని తాడేపల్లిగూడెము తీసికొనిపోయి, వంద రూపాయలలోపు వెలకు సన్నపాళీ కలమును కొనియిచ్చెను. మేనమామ ఇచ్చినది ఇపుడు తండ్రి సంతకములకు పనికివచ్చుచున్నదట. సంక్రాంతికి ఆ బాలునినుండి మాకొక ఉత్తరము వచ్చినది. అక్షరములు ఇంకను వంకరగానే యున్నవి. కాని ఏ ఒత్తునకు ఆ ఒత్తు విడిగా, స్పష్టముగా నున్నది. రెండు పుటలు నిండ వ్రాసినాడు.