తుఫాను రోజులకు పెట్రోలు: ఎంత దాచాలి, ఎట్లా దాచాలి?

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో చదువుల గురించి, పెళ్లిళ్ల ఖర్చుల గురించి ఏటా మాట్లాడుకుంటూనే ఉన్నాము. ఈసారి పెట్రోలు గురించి నాలుగు మాటలు మనవి చేయదలచాము. ఇదేం విషయమని కొందరు నవ్వుకోవచ్చు. కాని సముద్రం ఒడ్డున ఉన్నవాళ్లం. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఒకసారి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మరొకసారి తుఫాను భయం మనకు తప్పదు.

1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో వేలమంది ప్రాణాలు పోయాయి. ఆనాడు చాలా ఇళ్లల్లో మోటార్లు లేవు, బండ్లు లేవు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని కొట్టేనాటికి బతుకు తీరే మారిపోయింది. కరెంటు పోతే మోటారు ఆగింది. మోటారు ఆగితే నీళ్లు ఆగినాయి. సెల్‌ఫోన్లు మూగబోయినాయి. బంకుల ముందు జనం బారులు తీరారు. ఇది చూసినవాళ్లకు, ఒక క్యాను పెట్రోలు ఇంట్లో ఉంటే మంచిది కదా అనిపించడం సహజమే. ఆలోచన తప్పు కాదు. దాచే పద్ధతి తప్పయితే మాత్రం తుఫాను కన్నా ముందు ఆ క్యానే కొంప ముంచుతుంది.

ముందు పెట్రోలు గుణం తెలుసుకుందాం. మండేది ద్రవం కాదు, దాని ఆవిరి. నీళ్లు గడ్డకట్టే చలిలో కూడా అంటుకునేంత ఆవిరి దాన్నుంచి వస్తుంది. మరి మన ఎండల మాట చెప్పాలా? ఆ ఆవిరి గాలి కంటే బరువు. పైకి పోదు, నేలబారున పాకుతుంది. గాలిలో నూటికి ఒకటిన్నర పాళ్లు కలిస్తే చాలు, అంటుకుంటుంది. మంచం కింద పెట్టిన క్యాను మూత కొంచెం వదులైతే, ఆ ఆవిరి వంటింటి పొయ్యి దాకా నడిచిపోగలదు. ఊదు వేసిన నిప్పు చాలు, ఫ్రిజ్‌లో పుట్టే చిన్న మెరుపు చాలు. ఒక గదీ ఒక వంటిల్లూ ఉన్న ఇంట్లో, పిల్లలు పడుకునే చోట, పెట్రోలు ఒక్క లీటరు కూడా పెట్టవద్దని మా గట్టి మనవి.

చట్టం ఏమంటుంది? 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం అమ్మకానికి కాక సొంత అవసరానికి లైసెన్సు లేకుండా ఉంచుకోదగినది మొత్తం 30 లీటర్లు. అదీ బిగువైన మూత ఉండి, 25 లీటర్లకు మించని లోహపు డబ్బాలో. గాజుసీసా అయితే ఒక లీటరుకు మించరాదు. మంచినీళ్ల ప్లాస్టిక్ బాటిల్ ఇందులో ఎక్కడా లేదు. బాటిల్‌లో పొయ్యమంటే బంకువాళ్లు కాదంటారు. వాళ్లతో పోట్లాడకండి, వాళ్లు చెప్పేది న్యాయమే.

ఇంకో సంగతి. పెట్రోలు బియ్యం కాదు, ఏడాదిపాటు నిలవ ఉంచడానికి. తేలిక భాగం ఆవిరై పోతుంది. మిగిలినది గాలి తగిలి జిగురు కడుతుంది. ఆ జిగురు ఇంజను సన్నదారుల్ని మూసేస్తుంది. పైగా 2025 నాటికి మన దేశంలో పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలిపే పద్ధతి వచ్చింది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే రెండూ కలిసి అడుక్కు దిగుతాయి. అవసరం పడిన రోజున ఇంజనుకు ముందు అందేది ఆ అడుగుదే! ఇక బండి ఏం నడుస్తుంది?

అందుచేత దాచేవాళ్లు ఈ పద్ధతి పాటించండి. డబ్బా మీద నింపిన తేదీ వ్రాయండి. రెండు మూడు నెలలు కాగానే దాన్ని బండిలో పోసి వాడేసి, కొత్తది నింపండి. డబ్బాను ఆటోలోనో బండి మీదో ఉంచి కాక, నేలమీద పెట్టి నింపించండి. 20 లీటర్ల డబ్బాలో 18కి మించవద్దు. ఎండకు పెట్రోలు ఉబ్బుతుంది. ఇంటికి దూరంగా, నీడలో, గాలి ఆడే చోట, పిల్లలకు అందకుండా ఉంచండి. పక్కన ఇసుక బక్కెట్టు పెట్టండి. అంటుకుంటే నీళ్లు చల్లవద్దు. పెట్రోలు నీళ్లమీద తేలి మంటను ఇంకా పరుస్తుంది. మనుషుల్ని బయటికి పంపి 101కి ఫోను చేయండి. చెడిపోయిన పెట్రోలును కాలువలోనో బావి దగ్గరో పారబోయకండి. తెలిసిన మెకానిక్‌ను అడగండి.

అసలు అన్నిటికన్నా మంచి డబ్బా బండి ట్యాంకే. తుఫాను చెప్పకుండా రాదు, రేడియోలో, టీవీలో రోజుల ముందే హెచ్చరిక వస్తుంది. ఆ నెలల్లో ట్యాంకు సగానికి తగ్గనీయకుండా చూసుకుంటే క్యానుతో పనే ఉండదు.

ఇక జనరేటరు మాట. చిన్నది గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా తాగుతుంది. రోజుకు నాలుగు గంటల చొప్పున మూడు రోజులకు 6 నుంచి 12 లీటర్లు చాలు. పది ఇళ్లల్లో పది క్యాన్లంటే పది ప్రమాదాలు. వీధికి ఒక జనరేటరు, ఒకే డబ్బా, దానికి బాధ్యుడైన ఒక మనిషి ఉంటే అందరి ఫోన్లూ ఛార్జి అవుతాయి, అందరి బిందెలూ నిండుతాయి. అయితే దాన్ని ఆరుబయటే నడపాలి. వానకు తడుస్తుందని వరండాలోకి తెచ్చి తలుపులేస్తే, దాని పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. నడుస్తుండగా పెట్రోలు పోయరాదు. ఆపి, చల్లారనిచ్చి పోయాలి.

కనుక సొసైటీకి మా సూచన ఒకటే. వచ్చే అక్టోబరు లోపల వీధివారీగా ఒక జాబితా వేద్దాం. ఆక్సిజన్ మిషను మీద ఉన్నవారెవరు, డయాలసిస్‌కు వెళ్లేవారెవరు, నెలలు నిండిన ఆడపిల్లలెవరు, ఆటో ఉన్నవారెవరు. హెచ్చరిక రాగానే ఆ ఆటోల ట్యాంకులు నింపించే భారం సొసైటీది. పెట్రోలు ఎవరింట్లో ఎంత ఉందన్నది కాదు లెక్క, అర్ధరాత్రి నొప్పులొచ్చిన బిడ్డను ఆసుపత్రికి చేర్చగలమా లేదా అన్నదే లెక్క.