హోంగార్డు సేవకు చట్టంలో చోటేది?



మిర్చి సీజనులో గుంటూరు యార్డు ముందు బారులు తీరిన లారీల నడుమ, కోటప్పకొండ తిరునాళ్ళలో, దర్గా ఉరుసుల్లో ఎండకు నిలిచి దారి చూపే వారిలో హోంగార్డులున్నారు. మన పేటల బిడ్డలు కూడా ఆ ఖాకీ ధరించారు.

1946లో బొంబాయిలో ఆరంభమైన ఈ స్వచ్ఛంద దళానికి మన ఆంధ్ర ప్రాంతంలో 1948 నాటి చట్టమే ఆధారం. విధికి పిలిచినప్పుడు పోలీసుకున్న అధికారాలు, రక్షణ హోంగార్డుకూ వర్తిస్తాయి. విధి దిగగానే ఆయన స్వచ్ఛంద సేవకుడే. ఉద్యోగ భద్రత లేదు.

2015 మార్చి 11న హిమాచల్ ప్రదేశ్ హోంగార్డుల కేసులో సుప్రీంకోర్టు క్రమబద్ధీకరణకు అంగీకరించలేదు. అయితే 30 రోజుల విధి భత్యం పోలీసు సిబ్బంది కనీస వేతనానికి తగ్గరాదని తీర్పునిచ్చింది.

గుమాస్తాగిరీలో మేము నేర్చినది ఒక్కటే: కాగితం మీద లేని సేవ లెక్కకు రాదు. కనుక బిడ్డలారా, విధి ఉత్తర్వులు, హాజరు, భత్యం వివరాలు భద్రపరచుకోండి.

ఏళ్ళ తరబడి నిత్యం చేయించుకునే పనిని స్వచ్ఛందమనుట న్యాయమా? గాయపడినా, వయసు మీరినా ఆదుకునే ఏర్పాటును చట్టంలోనే చేర్చవలెనని ప్రభుత్వాన్ని కోరుతున్నాము.