వ్యాసముల వరుస – సంపాదకుని బాధ్యత

 

కేంద్రప్రభుత్వ ఉద్యోగమున నున్నవారికి బదిలీ తప్పదు. ప్రోగ్రామింగు తెలిసిన సభ్యుడొకరు శ్రమపడి సంఘమునకు వెబ్‌సైటు నేర్పరచును. కొన్నాళ్ళకు ఆయనకు గౌహతికో, తిరువనంతపురమునకో ఉత్తరువు వచ్చును. పిమ్మట మొదటిపుటకు అంటించిన ఉగాది ప్రకటన సంక్రాంతి వరకు కదలదు. రచనలు చేరుచునే యుండును. వానిని చూపు తీరును మార్చువారు మాత్రము ఉండరు.

వెబ్‌సైటునకు అలవాటైన క్రమము క్రొత్తది ముందు, పాతది వెనుక. ప్రకటనలకు ఈ క్రమము తగును, సాహిత్యమునకు తగదు. వనభోజనముల ప్రకటనలు నాలుగు వచ్చినంతనే పెద్దలొకరు వ్రాసిన ఉద్యోగ జ్ఞాపకములు అడుగున బడిపోవును. చదువువారు లేరని తలచి వారు కలము మూసివేయుదురు. కావున ఏ రచనను ముందుంచవలెను, ఏ రూపమున చూపవలెను అనునది సంపాదకుడు చేయవలసిన నిర్ణయము. దానిని అమలుపరచుటకు నేడు ప్రోగ్రామింగు అక్కరలేదని మనవి చేయుచున్నాను.

వర్డ్‌ప్రెస్ అను సాధనము 2003లో వెలువడినది. 2018 డిసెంబరు నాటి 5.0 కూర్పుతో అందు బ్లాకుల పద్ధతి వచ్చెను. అచ్చుకూటమున కంపోజిటరు సీసపు అక్షరములను పేర్చినట్లు శీర్షికను, బొమ్మను, పేరాను వేర్వేరు బ్లాకులుగా పేర్చుకొనవచ్చును. 2021 జులైలో వచ్చిన 5.8 కూర్పున 'క్వెరీ లూప్' అను బ్లాకు చేరినది. మనకు ముఖ్యమైనది ఇదియే.

దీనియందు రెండు పనులు గలవు. మొదటిది, ఏవి చూపవలెనో చెప్పుట: ఏ వర్గపు రచనలు, ఎవరివి, ఎన్ని, ఏ వరుసలో అని ఎంచుకొనవలెను. రెండవది, ఎట్లు చూపవలెనో చెప్పుట: శీర్షిక, తేది, రచయిత పేరు, సంగ్రహము, ముఖచిత్రము అనువానిని ఒక నమూనాగా అమర్చవలెను. ఆ ఒక్క నమూనాను దిద్దినచో తక్కిన రచనలన్నియు ఆ ప్రకారమే మారును.

మొదటిపుటలో ఇట్టి బ్లాకులు మూడుంచిన చాలును. ప్రకటనలు మూడు, క్రొత్తవి ముందుగా. పిల్లల రచనలు ఆరు, బొమ్మలతో గళ్ళుగా. పెద్దల జ్ఞాపకములు పాతవి ముందుగా, మొదటి భాగమునుండి చదువుకొనుటకు వీలుగా.

రెండు జాగ్రత్తలు అవసరము. రచనను చేర్చునపుడే దాని వర్గమును సరిగా గుర్తింపవలెను. లేనిచో ఏ బ్లాకును దానిని సరియైన చోట చూపజాలదు. సంగ్రహమును మనమే వ్రాయవలెను. వ్రాయనిచో యంత్రము సాధారణముగా మొదటి 55 మాటలను తీసికొనును. మన సమాసములు దీర్ఘములగుటచే అవి చాలచోటు నాక్రమించి, తుదకు వాక్యము నడుమనే తెగిపోవును.

ఇద్దరు ముగ్గురు సభ్యులు ఒక ఆదివారము కూర్చుండి ఈ పని నేర్చుకొనవచ్చును. ప్రవేశపు మాట కూడ ఒక్కరియొద్దనే గాక ఇద్దరియొద్ద ఉండవలెను. అప్పుడు ఒకరికి బదిలీయైనను సంఘపు పుట మూగపోదు. ఎంత దూరమేగినను, ఆ సభ్యుడు తన రచనను తగిన స్థానమున చూచుకొని సంతోషించును.