చెరువులో గుర్రపుడెక్క

పొద్దు వాలేసరికి దోమలని తలుపులు బిగించుకుంటున్నాం కదూ! హైదరాబాదులో సరూర్‌నగర్, కాప్రా చెరువులకు పట్టిన బెడదే ఇది, గుర్రపుడెక్క. ఊదాపూలు చూసి మురిసిపోకండి. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ మొక్క మన ఇళ్ల మురుగు తాగి, అదను దొరికితే రెండు వారాల్లో రెట్టింపవుతుంది.

మీ కాలనీ సంఘం కాంట్రాక్టరుకు పని అప్పగిస్తే, కొన్ని మాటలు ముందే రాయించుకోండి. మొక్కను వేళ్లతో సహా లాగాలి. తీసింది గట్టున వదలక లారీల్లో తరలించాలి. లేకుంటే వానకు మళ్లీ నీళ్లలోకే జారుతుంది. విత్తనాలు బురదలో ఏళ్ల తరబడి బతికుంటాయి గనుక, తరచు వచ్చి మొలకలు ఏరాలి. మురుగులో దిగే కూలీలకు బూట్లు, చేతితొడుగులు ఇవ్వాలి. వాళ్లూ ఓ తల్లి బిడ్డలే!

మురుగు ఆపకుండా ఎంత తీయించినా చిల్లికుండలో నీళ్లు పోసినట్లే. సంఘం మీటింగులో ఈ మాట మీరే అడగండి. సెలవు.