పాజిటివ్ అంటే మంచిదేనా?



నన్ను ఆరోగ్యం గురించి మాట్లాడమన్నారు. నేను డాక్టరును కాను, ఇంగ్లీషు పాఠాలు చెప్పి బతికినవాణ్ని. అందుకని ఒక్క ఇంగ్లీషు మాట గురించే చెబుతాను. పాజిటివ్.

కరోనాకు ముందు సంగతి. మా మామూకు నెలరోజులుగా దగ్గు. కఫం పరీక్ష చేయిస్తే రిపోర్టులో 'పాజిటివ్' అని వచ్చింది. కాగితం చేతికిచ్చినవాళ్లు ఏమీ చెప్పలేదు. కాలేజీ చదివే కొడుకు చూసి, "మంచిదే అబ్బా, భయం లేదు" అన్నాడు. కాగితం బీరువాలోకి పోయింది. రెండు నెలల తర్వాత నేను వెళ్లేసరికి మనిషి సగమయ్యాడు. అది టీబీ. పిల్లవాణ్ని ఏమనగలను? పాజిటివ్‌గా ఆలోచించమని వాడికి నేర్పింది మాలాంటి మాస్టార్లమే.

ఈ మాట లాటిన్‌లో 'పెట్టడం' అనే క్రియ నుంచి వచ్చింది. లెక్కల్లో సున్నాకు పైనున్న అంకె పాజిటివ్. బ్యాటరీకి ప్లస్ గుర్తున్న కొన పాజిటివ్. పాత స్టూడియోల్లో, ఫిల్ము మీద నల్లగా ఉన్న ముఖం కాగితం మీద మామూలుగా వస్తే అదీ పాజిటివే. ల్యాబులో మాత్రం వెతికింది దొరికిందని అర్థం. మలేరియా పరీక్షలో వెతికేది ఆ జ్వరం తెచ్చే సూక్ష్మజీవిని. 1897లో సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో చూసింది దాన్నే. కోడలి గర్భపరీక్ష పాజిటివ్ అయితే మిఠాయి పంచుతాం!

నెగెటివ్‌తోనూ జాగ్రత్త. టీబీ మందులు మొదలుపెట్టిన రెండు నెలలకు చాలామందికి కఫం నెగెటివ్ వస్తుంది. రోగం పోయిందని మందు ఆపేస్తారు. ఆ కఫంలో క్రిములు కనబడలేదంటే ఒంట్లో లేవని కాదు. మామూలు టీబీకి ఆరు నెలలు మింగాల్సిందే. సర్కారు మందులు ఉచితంగా ఇస్తుంది. తిండికని 2018 నుంచి నెలకు 500, 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలు ఖాతాలో వేస్తుంది. మామూ ఆరు నెలలూ వాడాడు. ఇప్పుడు మసీదుకు నడిచే వస్తున్నాడు.

రక్తం గ్రూపులో ఈ మాటకు మంచీ లేదు, చెడూ లేదు. ఎర్రకణాల మీద ఆర్‌హెచ్ డి అనే పదార్థం ఉంటే పాజిటివ్, లేకుంటే నెగెటివ్. మన దేశంలో అది లేనివారు నూటికి సుమారు ఐదుగురు. కార్డు మీద నెగెటివ్ అని చూసి, తనలో ఏదో లోపముందని ఏడ్చిన అమ్మాయిని నేనెరుగుదును. లోపం కాదు, కానీ తెలిసి ఉండాలి. తల్లి నెగెటివ్, బిడ్డ పాజిటివ్ అయితే కాన్పైన 72 గంటల్లోపు తల్లికి యాంటీ-డి ఇంజెక్షన్ పడాలి. లేకుంటే ముప్పు తర్వాతి బిడ్డకు.

దాతలారా, క్యాంపుల్లో పరీక్షలకు మీరు డబ్బిస్తున్నారు. అల్లా మీకు బరకత్ ఇవ్వాలి. ఈ ఏడాది రిపోర్టు చదివి చెప్పే మనిషికీ కొంత కేటాయించండి. ప్రతి కాగితం వెనుక తెలుగులో రెండు ముక్కలు చాలు: ఏం వెతికారు, ఇప్పుడు ఎక్కడికి వెళ్లాలి. మీలో నెగెటివ్ గ్రూపు వారుంటే, భోజనాలకు లేచేముందు బయట బల్ల దగ్గర పేరు రాయించండి.